సున్నంతో కట్టిన పాత గోడకు సున్నంతోనే మరమ్మతు: నీళ్ల దారి వెతకడం నుంచి వెల్ల వేయడం దాకా

మీ తాతల నాటి ఇల్లు డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నంతో) కట్టిందై, గోడల అడుగున పెచ్చులు ఊడుతుంటే, మేస్త్రిని పిలిచి సిమెంటు పూత వేయించే ముందు ఒక్కసారి ఇది చదవండి. మేము 1998లో సరిగ్గా ఆ పనే చేయించాం. తెనాలి దగ్గర మా తాతగారి ఇల్లు, 1930లలో కట్టింది, 18 అంగుళాల మందం ఇటుక గోడలు. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా పాత సున్నం గార (గోడ మీది పూత) చెక్కించేసి, సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, దాని మీద ఆయిల్ పెయింట్ కూడా కొట్టించాం. రెండేళ్లు అద్దంలా ఉంది. ఆ తర్వాత చెమ్మ సిమెంటు పట్టీని దాటి ఆరడుగుల ఎత్తుకి ఎక్కింది, మేము రంగులు మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి ఆ సిమెంటు పలక కింద ఉలి పెట్టి లేపితే, వెనక ఇటుక ఉండాల్సిన చోట ఎర్రటి పొడి ఉంది. వేలు పెడితే రెండు కణుపుల లోతు దిగింది. సిమెంటు పలక మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు, దాని వెనకవైపు ఇటుకల ముఖాలు అచ్చు గుద్దినట్టు అంటుకుని వచ్చాయి. మా అమ్మ ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

జరిగిందేమిటంటే, కృష్ణా డెల్టా నల్లరేగడి నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది, అది ఇటుక గోడలోకి దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కుతుంది. సున్నం గారకి సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఎక్కిన తడి ఆ గార లోంచే ఆవిరై పోతుంది, తడితో పాటు వచ్చిన ఉప్పు గారలో మిగిలిపోతుంది. ఇరవై ముప్పై ఏళ్లకు ఆ గార చౌడెక్కి రాలుతుంది, రాలిన మేరకు మళ్లీ పూస్తారు, ఇటుకకి ఏమీ కాదు. సిమెంటు పూత గట్టిది, తడిని వదలదు. అప్పుడు తడి పైకి వెళ్లి వేరే దారి వెతుక్కుంటుంది, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకను లోపల నుంచి పగలగొడుతుంది. పాత కాలం ఇటుకలు ఇప్పటి వాటంత గట్టిగా కాలినవి కావు, ఆ ఒత్తిడికి తట్టుకోలేవు. అందుకే ఈ పని మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఇటుక కన్నా, రాయి కన్నా సందుల్లోని మాలు (వాటిని కలిపి పట్టే సున్నం, ఇసుకల ముద్ద) మెత్తగా ఉండాలి, గోడలోని తడికి బయటికి పోయే దారి ఉండాలి. కింద నేను చెప్పేవన్నీ దాని కోసమే.

ఇది మా ఇంటి సంగతే కాదు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి 2024 వరకు ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు చేసిన పునరుద్ధరణ పనిలో పెద్ద భాగం, గత శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఓపికగా తీసేసి మళ్లీ సున్నం గార వేయడమే. అటువైపు వెళ్తే గోడల్ని దగ్గరగా చూసి రండి, సున్నం గార ఎంత నునుపుగా తేలుతుందో కళ్లారా తెలుస్తుంది.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి

ఇది చేయకుండా ఎంత మంచి సున్నం పూసినా మూడేళ్లలో మళ్లీ మొదటికి వస్తారు. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, పైపు ఎక్కడైనా కారుతోందా, పిట్టగోడలో రావి మొక్క మొలిచిందా, ఇవన్నీ చూడండి. మన ఊళ్లలో ఇంకో పెద్ద సమస్య వీధి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి ఒకప్పుడు మూడు మెట్లెక్కే అరుగు ఇప్పుడు రోడ్డుకి సమంగా ఉంది, వాన నీళ్లన్నీ గోడకే వస్తాయి. మా ఇంటికి వీధి వైపు గోడ వెంట అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు కాలవ తవ్వి, కంకర నింపి, అడుగున చిల్లుల పైపు వేసి నీళ్లు దూరంగా పోయేలా చేశాం. ఆ ఒక్క పనికే ఒక ఎండాకాలంలో చెమ్మ అడుగున్నర దిగింది. పునాది పక్కన తవ్వేటప్పుడు పునాది అడుగు కన్నా లోతుకి మాత్రం పోవద్దు. గోడ ఉబ్బి ఉన్నా, పగులు పై నుంచి కింది దాకా ఉండి వేలు దూరేంత ఉన్నా సున్నం సంగతి తర్వాత, ముందు పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరును తీసుకొచ్చి చూపించండి.

ఇంకో సంగతి, మీ ఇల్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల ఉంటే మరమ్మతుకి కూడా ముందే అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు కూడా నియంత్రిత ప్రాంతమే. 2010లో చట్టం సవరించినప్పుడు ఈ హద్దులు చట్టంలోనే చేరాయి.

పాత మాలు ఏమిటో తెలుసుకోవడం

వాన తగలని చోట సందులోంచి గుప్పెడు పాత మాలు తీయండి. గోటితో గీస్తే పొడి రాలి, ముక్క తెల్లగానో లేత గులాబీగానో ఉంటే అది సున్నం, గులాబీ రంగు ఉంటే అందులో సుర్కీ, అంటే ఇటుక పొడి కలిపారు. బూడిద రంగులో ఉండి గోటికి లొంగకపోతే అది తర్వాత ఎవరో పెట్టిన సిమెంటు. తీసిన ముక్కను నలగ్గొట్టి గాజు గ్లాసులో వేసి, బాత్రూములు కడిగే యాసిడ్‌ను నీళ్లలో బాగా పలుచన చేసి (యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు) కొద్దికొద్దిగా పోయండి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలి, ఆరుబయట చేయాలి. బుసబుసా పొంగి సున్నం కరిగిపోతుంది, అడుగున ఇసుక, సుర్కీ మిగులుతాయి. కడిగి ఆరబెట్టి చూస్తే మీ తాతగారి మేస్త్రి ఏ ఇసుక వాడాడో, ఎంత ముతకదో మీ అరచేతిలో ఉంటుంది. అలాంటి ఇసుకే వెతికి తెచ్చుకోండి. సముద్రం ఒడ్డు గోడల్లో గుల్లల ముక్కలు కూడా కలిపి ఉంటారు, అవి కూడా యాసిడ్‌లో కరిగిపోతాయి కాబట్టి పోసే ముందే కంటితో చూసుకోవాలి.

సున్నం కొనడం, నానబెట్టడం

రంగుల దుకాణంలో సంచుల్లో దొరికే పొడి సున్నాన్ని నమ్ముకోవద్దు. అది ఎప్పుడు తయారైందో తెలియదు, గాలి తగిలి సగం సుద్ద అయిపోయి ఉంటుంది. అనుమానం ఉంటే చెంచాడు పొడిలో వెనిగర్ చుక్కలు వేయండి, బాగా పొంగిందంటే అది సున్నంగా పనికిరాదు, మళ్లీ రాయి అయిపోయింది. ఎందుకంటే సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే 100 కిలోలకు 56 కిలోల సున్నం మిగులుతుంది, మిగతాదంతా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. ఆ సున్నం నీళ్లు తాగి, గోడ మీదికెక్కి, గాలిలోంచి ఆ వాయువునే మళ్లీ పీల్చుకుని రాయిగా మారుతుంది. గోడ మీద జరగాల్సిన ఆ మార్పు సంచిలోనే జరిగిపోతే మనకి దక్కేదేమీ లేదు.

బట్టీ నుంచి నేరుగా రాళ్ల సున్నం, అంటే కాల్చాక ఇంకా నీళ్లు తగలని సున్నం, తెచ్చుకోండి. మన దగ్గర సున్నం బట్టీలకు పిడుగురాళ్ల పెట్టింది పేరు, మేమూ అక్కడి నుంచే తెప్పించాం. రాయి చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉండాలి, రాయిని రాయితో కొడితే ఖంగుమనాలి, సంచి అడుగున పొడి ఎక్కువుంటే తీసుకోవద్దు. తెచ్చిన రోజో మర్నాడో నానబెట్టేయాలి.

నానబెట్టడం ప్రమాదకరమైన పని, ఇందులో మొహమాటం లేదు. పిల్లల్ని, పశువుల్ని దూరంగా ఉంచండి. కంటికి మూత ఉన్న అద్దాలు, మోచేతుల దాకా తొడుగులు, కాళ్లకు బూట్లు. ఇనుప డ్రమ్ములోనో ఇటుకల తొట్టిలోనో చేయాలి, ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడిపోతుంది. ముందు నీళ్లు, తర్వాత సున్నం. సున్నానికి రెండున్నర మూడింతలు నీళ్లు పోసి ఉంచుకుని అందులో రాళ్లు కొన్ని కొన్నిగా వదలాలి. అర నిమిషం ఏమీ కాదు, తర్వాత లోపల్నుంచి చిటపటలు మొదలై కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. పొడుగు కర్ర ఉన్న పారతో అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. కంట్లో పడితే రుద్దకుండా కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పక్కన రెండు బిందెల నీళ్లు ముందే పెట్టుకోండి.

చల్లారాక సన్నటి జల్లెడలో వడపోసి గుంటలో నిలవ చేయండి. వడపోత ఎందుకంటే సరిగ్గా కాలని పలుకులు మిగిలి గోడ మీద పూశాక నానడం మొదలుపెడితే గారలో చిన్న చిన్న గుంటలు పేలతాయి. ముద్ద మీద ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. నెల రోజులు తక్కువ కాకుండా ఉంచండి, మూడు నెలలుంటే ఇంకా మంచిది. తాపీతో తీస్తే వెన్నముద్దలా జారకుండా నిలబడాలి, అదే గుర్తు.

ఇసుక, సుర్కీ, కరక్కాయ నీళ్లు

ఇసుక నదిది, పలుకుగా ఉండేది, సన్నం ముతక కలిసి ఉన్నది కావాలి. గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి కుదిపి పెడితే రెండు గంటల్లో ఒండ్రు పైన పొరగా తేలుతుంది, ఆ పొర మందంగా ఉంటే కడిగి వాడండి. సముద్రపు ఇసుక వద్దే వద్దు, మళ్లీ ఉప్పును మనమే గోడలోకి పంపినట్టవుతుంది.

సుర్కీ ఊరికే రంగు కోసం కాదు. ఒట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, పైనుంచి లోపలికి నెలకు ఒక మిల్లీమీటరు చొప్పున అనుకోండి. సుర్కీ కలిపితే సున్నంతో కలిసిపోయి తడిలో కూడా గట్టిపడుతుంది, కాబట్టి నేల దగ్గర, వాన కొట్టే వైపు, మందమైన గోడ లోపల అది తప్పనిసరి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బాగా కాలిన గట్టి ఇటుకను పొడి చేస్తే అది ఒట్టి ఎర్ర ఇసుకే, ఏ పనీ చేయదు. తక్కువ వేడికి కాలిన మెత్తటి ఇటుక, పాత పెంకు, ఇలాంటివి సిమెంటు పొడి అంత సన్నగా దంచితేనే పనిచేస్తుంది.

మేము వాడిన పాళ్లు చెప్తాను, అన్నీ కొలతతోనే, తూకం కాదు. పైన పొడిగా ఉండే సందులకు ఒక పాలు సున్నం ముద్ద, మూడు పాళ్లు ఇసుక. నేల దగ్గరి సందులకు, మొదటి పూతకు ఒకటి సున్నం, ఒకటి సుర్కీ, రెండు ఇసుక. రాతి గోడల్లో సందులు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఇదే మాలులో చిన్న రాతి చిప్పలు కూరుతూ నింపాలి, ఒట్టి మాలు అంత మందాన పెడితే కుంచించుకుపోయి పగులుతుంది. ఎవరైనా మేస్త్రి "గట్టిదనం కోసం కొంచెం సిమెంటు వేద్దామండీ" అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. తెల్ల సిమెంటు కూడా సిమెంటే.

కరక్కాయ, బెల్లం మన పాత మేస్త్రీలు అందరూ వాడినవే. మేము 20 లీటర్ల నీళ్లలో కిలో కరక్కాయ దంచి వేసి, కిలో బెల్లం కలిపి, వారం రోజులు నానబెట్టి వడపోసి, మాలు కలిపే నీళ్లలో వాడాం. బెల్లం సున్నాన్ని నీళ్లలో ఎక్కువగా కరిగేలా చేస్తుంది, మాలు తాపీ కింద నునుపుగా సాగుతుంది, నిదానంగా బిగుస్తుంది. ఎక్కువైతే బిగవడమే మానేస్తుంది, చీమలు కూడా పడతాయి, కాబట్టి ఇది ఉజ్జాయింపుగా పోసేది కాదు, ముందు రెండు చదరపు అడుగుల గోడ మీద వేసి నెల రోజులు చూడండి.

ఇక రుబ్బడం. డంగు సున్నం అంటేనే గానుగలో రుబ్బింది. మా పనికి వచ్చిన ముసలి మేస్త్రి తాత మొదటి రోజు మేము పారతో కలిపిన మాలును వేళ్ల మధ్య నలిపి చూసి "ఇది కలిసింది గానీ కలవలేదు బాబూ, సున్నం ఓ పక్క ఇసుక ఓ పక్క ఉన్నయ్యి" అన్నారు. "మరేం చేద్దాం తాతా" అంటే రోకళ్లు తెప్పించారు. గంట సేపు దంచిన తర్వాత నీళ్లు ఒక్క చుక్క పోయకుండానే అదే మాలు మెత్తబడి, జిగురొచ్చి, తాపీ తలకిందులు చేసినా అంటుకుని ఉంది. మీకు గానుగ దొరక్కపోతే రోకలి, కొద్ది పనికైతే పాత గ్రైండరు, ఏదైనా సరే, ఆ జిగురు వచ్చేదాకా దంచాల్సిందే. నీళ్లు పోసి జారుగా చేసుకుంటే పని తేలికవుతుంది, గార మాత్రం పగుళ్లిస్తుంది.

గోడ మీద పని

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మనకి అన్నిటికన్నా మంచి కాలం. వడగాలిలో సున్నం బిగవకముందే ఆరిపోయి పొడి అవుతుంది, వానల్లో కారిపోతుంది. సిమెంటు పూతను మాత్రం ముందు ఎండాకాలంలోనే తీసేసి గోడను ఆరనివ్వండి, మేము ఎనిమిది నెలలు అలాగే వదిలేశాం, చుట్టాలు అడిగినా పట్టించుకోలేదు. సన్న ఉలి, చిన్న సుత్తితో, అంచుల నుంచి పక్కకు కొట్టుకుంటూ తీయాలి. డ్రిల్లింగ్ మిషన్ అదురుకి ఉన్న ఇటుకలు కూడా కదులుతాయి. ఎక్కడైనా సిమెంటు ఇటుకను పట్టుకుని వదలకపోతే అక్కడ ఆపేయండి, ఇటుకతో సహా లాగే కన్నా దాన్ని కొంతకాలం వదిలేయడమే మేలు. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి ఎత్తి బయట పారేయండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

సందుల్లో పాడైన మాలును అంగుళం లోతు వరకు, లేదా సందు వెడల్పుకి రెండింతల లోతు వరకు తీసి, బ్రష్‌తో దులపండి. ముందు రోజు సాయంత్రం గోడను తడపండి, మర్నాడు పనికి అరగంట ముందు మళ్లీ తడపండి. ఇటుక నీళ్లు తాగి ఉండాలి, పైన నీళ్లు మెరవకూడదు. ఎండు ఇటుక మాలులోని నీళ్లన్నీ నిమిషంలో పీల్చేస్తుంది, అలా పెట్టిన మాలు మర్నాటికి వేలితో గీస్తే పొడై రాలుతుంది. మాలును లోపలి నుంచి బయటికి ఒత్తి ఒత్తి నింపాలి, ఇటుక ముఖానికన్నా ఒక వెంట్రుకవాసి లోపలే ఆపాలి. బొటనవేలితో నొక్కితే అచ్చు పడి వేలికి అంటని స్థితికి వచ్చాక గట్టి బ్రష్‌తో తట్టండి.

గార మూడు పూతలు. మొదటిది 10–12 మిల్లీమీటర్లు మించకుండా తాపీతో విసిరికొట్టి చదును చేసి, గట్టిపడుతుండగా గీతలు పెట్టాలి. వారం పది రోజులు ఆగి రెండోది ఇంకొంచెం పలుచగా. పూసిన కొన్ని గంటలకు సన్న పగుళ్లు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, నీళ్లు చిలకరించి చెక్కతో గుండ్రంగా రుద్దితే మూసుకుపోతాయి, మర్నాడు కూడా ఒకసారి రుద్దాలి. చివరి పూత రెండు మూడు మిల్లీమీటర్లే, బాగా నిలవైన సున్నం ముద్ద, సన్న ఇసుక లేదా పాలరాతి పొడి.

నీళ్లు పట్టడం అసలు పని. తడి గోనె పట్టాలు గోడకు తగలకుండా రెండంగుళాల దూరంలో వేలాడదీసి, రోజుకు మూడు నాలుగు సార్లు తుంపరలా చల్లుతూ రెండు వారాలు ఉంచాలి. ధార పోస్తే సున్నం కొట్టుకుపోతుంది, ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే గాలి తగలదు, గాలి లేకపోతే బిగవదు. లోపల ఎంతవరకు రాయిగా మారిందో చూడాలంటే ఒక మూల ముక్క విరిచి ఫినాఫ్తలీన్ ద్రావణం చుక్క వేయండి, పదో తరగతి ల్యాబ్‌లో అందరం చూసిందే. గులాబీ రంగు వచ్చినంత మేర ఇంకా సున్నంగానే ఉంది, రంగు రాని అంచు రాయిగా మారిపోయింది. మా గోడలో రెండు నెలలకు పైన సన్న అంచు మాత్రమే తెల్లగా ఉండి లోపలంతా గులాబీ పువ్వులా విచ్చుకుంది.

పైన ఎమల్షన్ పెయింట్ వేస్తే ఇంత చేసిందీ ప్లాస్టిక్ సంచిలో కట్టినట్టే. వెల్ల వేయండి. సున్నం ముద్దను పల్చటి పాలలా కలిపి, బట్టలో వడగట్టి, తడిపిన గోడ మీద నాలుగైదు పలుచని పూతలు, పూతకి పూతకి మధ్య ఒక రోజు. వేసేటప్పుడు నీళ్లలా కనిపించి ఏమీ పట్టలేదనిపిస్తుంది, ఆరాక తెలుపు తేలుతుంది. చిటికెడు నీలిమందు కలిపితే ఆ పాత చల్లటి తెలుపు వస్తుంది.

మిగిలిన సున్నం ముద్దను పారేయకండి, పైన నీళ్లు పోసి మూత పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఉన్నకొద్దీ మెరుగవుతుంది. మా డ్రమ్ము వెనక వసారాలో ఉంది. ప్రతి ఏడూ సంక్రాంతి ముందు అమ్మ దాని మూత తీసి నీళ్లు చూస్తుంది, నేను ఇంటి చుట్టూ తిరిగి వానాకాలంలో రాలిన చోట్లు గుర్తుపెట్టుకుంటాను, పోయినేడు వీధి గోడ మూలలో రెండు అరచేతులంత మేర పూయాల్సి వచ్చింది.